ఆ స్ప్రింగు కోయొద్దు ఉస్తాద్!

పాత స్పోర్ట్స్ కారు చేతికి రాగానే చాలామంది ముందు చేసే పని దాన్ని నేలకు దించడం. హైదరాబాద్ రోడ్ల మీద హాయిగా, అదుపుగా నడవాలంటే స్ప్రింగులు, షాకబ్జర్లు ఎలా ఎంచుకోవాలి?

లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ కింద నుంచి అసెంబ్లీ, పబ్లిక్ గార్డెన్స్ మీదుగా నాంపల్లి స్టేషన్ దాటుకుని ఆబిడ్స్ జీపీవో దాకా ఒకసారి వెళ్లి రండి. కొత్త ఎస్‌యూవీలో వద్దు. ఇరవై ఏళ్లు దాటిన, నేలకు దగ్గరగా కూర్చునే కారులో వెళ్లండి. కేబుళ్ల కోసం తవ్వి పూడ్చిన గాడులు, రోడ్డుతో సమానంగా లేని మ్యాన్‌హోల్ మూతలు, తారు మీద తారు పోయగా గుట్టకట్టిన అతుకులు, దగ్గరికొచ్చేదాకా కనిపించని స్పీడ్‌బ్రేకర్లు... అన్నీ స్టీరింగ్ పట్టుకున్న చేతికీ, సీటుకు ఆనిన నడుముకూ లెక్క చెబుతాయి. జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా సాగే నుమాయిష్ రోజుల్లోనైతే సాయంత్రం నాంపల్లిలో సెకండ్ గేరు పడటమే గొప్ప.

ఇక్కడికి దగ్గర్లోనే, హుస్సేన్‌సాగర్ ఒడ్డున, 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ రేసు జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వేర్న్ గెలిచాడు. ఆ కార్ల కోసం రోడ్డును సిద్ధం చేశారు. మన కారు కోసం ఆ పని ఎవరూ చేయరు. ఉన్న రోడ్డుకు తగ్గట్టు కారునే మనం సిద్ధం చేసుకోవాలి. స్ప్రింగుల గురించి, షాకుల గురించి చెప్పేదంతా ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది.

మన దేశంలో స్పోర్ట్స్ కారు అనదగ్గవి తక్కువే. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఒక తరానికి ఆ ముచ్చట తీర్చింది. 1998లో రెండు సీట్ల శాన్ స్టార్మ్ వచ్చింది. మిత్సుబిషి లాన్సర్, హోండా సిటీ వీటెక్, 2001 నాటి ఫియట్ పాలియో 1.6 లాంటివి పేరుకు కుటుంబ కార్లే అయినా కుర్రాళ్ల దృష్టిలో స్పోర్ట్స్ కార్లే. ఇప్పుడు ఆ కుర్రాళ్లు నలభైల్లోకి, యాభైల్లోకి వచ్చారు. ఆనాడు కొనలేని కారును వెతికి మరీ కొంటున్నారు. వాళ్ల కోరిక న్యాయమైనది. ఇంట్లోవాళ్లు ఎక్కితే నడుం పట్టుకోకూడదు, ఔటర్ రింగ్ రోడ్డు మీద మలుపు తిరిగితే పడవలా ఒరగకూడదు. ఈ రెండూ ఒకే కారులో దొరుకుతాయి. కాకపోతే ‘లోయరింగ్ కిట్’ పెట్టెలో దొరకవు.

ఎవరి పని ఏమిటి?

స్ప్రింగు కారు బరువు మోస్తుంది. షాకబ్జర్ పేరుకు షాకును మింగేదే అయినా అసలు గుంత దెబ్బను తీసుకునేది స్ప్రింగే. ఆ దెబ్బకు నొక్కుకున్న స్ప్రింగు తిరిగి లేచి ఊగుతూ ఉంటే, ఆ ఊపును నూనె రాపిడితో వేడిగా మార్చి చల్లార్చడం షాకబ్జర్ పని. షాకు పోయిన కారు గట్టిగా ఉండదు, ఊగుతూనే ఉంటుంది. స్ప్రింగు గట్టిదైన కారు ఊగదు, కొడుతుంది. గ్యారేజీలో చెప్పేముందు మన కారు ఊగుతోందా, కొడుతోందా అన్నది తేల్చుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

స్ప్రింగు గట్టిదనాన్ని కొలవడానికి ఇంజినీర్లకు ఒక చక్కటి లెక్క ఉంది. కారు నిలబడి ఉన్నప్పుడు దాని బరువుకు చక్రం దగ్గర స్ప్రింగు ఎంత కిందికి దిగిందన్న దాన్ని బట్టి ఆ కారు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేయొచ్చు. 25 సెంటీమీటర్లు దిగితే సెకనుకు ఒక ఊపు. 11 సెంటీమీటర్లు దిగితే ఒకటిన్నర. 6 సెంటీమీటర్లే దిగితే రెండు. హాయికి పేరుపడ్డ కార్లు ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఉంటాయి. స్పోర్ట్స్ కార్లు ఒకటిన్నర నుంచి రెండు దాకా వెళ్తాయి. రెండు దాటితే రేసు ట్రాక్ దారి. మన ఒంటికి సెకనుకు 4 నుంచి 8 సార్లు కిందా మీదా అదిరే అదురు అన్నిటికన్నా భరించరానిది. స్ప్రింగు గట్టిపడేకొద్దీ ఆ అదురు సీటు దాకా ఎక్కువగా వస్తుంది. పాత స్పోర్ట్స్ కారు హాయిగా ఉండాలంటే ముందు స్ప్రింగును ఒకటిన్నరకు అటూఇటూగా, అంటే చాలా కార్లలో కంపెనీ ఇచ్చినదానికి దగ్గరగానే, ఉంచుకోవాలి.

ఇక్కడే కొందరు తొందరపడతారు. ఏ పాత గ్యారేజీలో కూర్చున్నా వినిపించే మాటలివి:

“ఉస్తాద్, ముందల ఒక చుట్టు తీసెయ్. లుక్ వస్తది.”

“లుక్ వస్తది సార్, కారు పోతది. కోసిన స్ప్రింగు సీట్ల సక్కగ కూసోదు. నాంపల్లి కాడ ఒక్క బ్రేకర్ దుంకితే ఆయిల్ ఛాంబర్ పగుల్తది.”

ఉస్తాద్ మాట అక్షరాలా నిజం. స్ప్రింగు చుట్లు తగ్గితే మెత్తబడుతుందని కొందరు అనుకుంటారు. జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి కోస్తే మిగిలింది 20 శాతం గట్టిపడుతుంది. గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును పోయి కొన్నాళ్లకు కుంగిపోతుంది, లేదా విరుగుతుంది. చుట్టు కన్నా తీగ మందం ఇంకా మోసం చేస్తుంది. గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగ బదులు అదే కొలతల్లో 13 మిల్లీమీటర్ల తీగ ఉన్న స్ప్రింగు పెడితే 38 శాతం గట్టి. కంటికి కనిపించని ఒక్క మిల్లీమీటరు అది. ‘చూస్తే అచ్చం అలాగే ఉంది’ అని వేరే మోడల్ స్ప్రింగు అంటగట్టే దుకాణంలో వెర్నియర్ కాలిపర్ అడగడం తప్పేమీ కాదు.

దించడం వల్ల వచ్చే అసలు నష్టం వేరే ఉంది. చక్రం పైకి వెళ్లడానికి ఉన్న చోటు చాలా కార్లలో 8 నుంచి 10 సెంటీమీటర్లు. కారును 4 సెంటీమీటర్లు దించామంటే ఆ చోటులో దాదాపు సగం ముందే ఖర్చుపెట్టేశాం. ఇక చిన్న గుంతకే చక్రం బంప్ స్టాపర్‌ను తన్నుతుంది. అప్పుడు వచ్చే ‘ధడ్’ చప్పుడు స్ప్రింగుది కాదు, స్ప్రింగు పని అయిపోయినప్పటి చప్పుడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగానికి వేసే స్పీడ్‌బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గల్లీల్లో మనం ఎక్కి దిగే చాలావాటికి ఆ ఎత్తు ఉంటుంది, ఆ వెడల్పు ఉండదు. అందుకే హైదరాబాద్‌లో నడిపే కారుకు చక్రం కదిలే చోటే అన్నిటికన్నా విలువైన ఆస్తి. దాన్ని అందం కోసం అమ్ముకోకూడదు.

చౌమహల్లాలో రోల్స్‌రాయిస్, ఓలీ పాఠం

చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి తెప్పించుకున్న కారు. 1911లో ఆయన కన్నుమూశాక ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. ఈసారి వెళ్తే సింహాసనం లాంటి సీటుతో పాటు కింద ఉన్న కమాన్ పట్టీలను, అంటే ఆకుల స్ప్రింగులను కూడా చూడండి. ఆ కాలపు కార్లలో ఆకుకూ ఆకుకూ మధ్య రాపిడే సగం షాకబ్జర్ పని చేసేది. ముందు పట్టీలు గట్టిగా, వెనకవి మెత్తగా ఉండటం అప్పటి పద్ధతి.

ఆ పద్ధతిని తిరగేసినవాడు అదే రోల్స్‌రాయిస్‌లో పనిచేసిన మారిస్ ఓలీ. 1930లో అమెరికా వెళ్లి కాడిలాక్‌లో చేరాడు. కారు మీద ముందూ వెనకా బరువులు జరుపుతూ, స్ప్రింగులు మారుస్తూ, తానే ఎక్కి కూర్చుని ఏది హాయిగా ఉందో పరీక్షించాడు. ముందు స్ప్రింగులు వెనకవాటికంటే సుమారు 30 శాతం మెత్తగా ఉంటే కారు తల ఊపకుండా బల్లపరుపుగా సాగుతుందని తేల్చాడు. ఆయన కృషి వల్లే 1934లో జనరల్ మోటార్స్ కార్లకు ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే అమరిక వచ్చింది.

ఎందుకలా అంటే, గుంత ముందు చక్రానికి ముందు తగులుతుంది, వెనక చక్రానికి ఆలస్యంగా తగులుతుంది. హెరాల్డ్ ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.3 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ ఆలస్యం సెకనులో ఏడో వంతు. వెనక భాగం కాస్త త్వరగా ఊగితేనే ముందు భాగం ఊపును అందుకుని రెండూ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. లేకపోతే కారు ముక్కుతో నమస్కారాలు పెడుతూ పోతుంది. ముందు స్ప్రింగులను మాత్రమే గట్టివి వేయించుకుని ‘స్పోర్టీగా ఉంది’ అనుకునేవాళ్ల వెనక సీట్లో పిల్లలకు వాంతులు ఎందుకు వస్తాయో చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

హెరాల్డ్ నేర్పేది

స్టాండర్డ్ హెరాల్డ్‌కు మూలం 1959లో ఇంగ్లండ్‌లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్. రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలాట్టీ. ఆ ఛాసిస్ మీదే 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కట్టారు. అంటే మన హెరాల్డ్‌కు స్పోర్ట్స్ కారుతో రక్త సంబంధం ఉంది. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక మాత్రం డిఫరెన్షియల్ మీద అడ్డంగా బిగించిన ఒకే కమాన్ కట్ట. రెండు వెనక చక్రాలూ ఆ కట్టకే వేలాడతాయి. మలుపులో వేగంగా పోతూ హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలినా, బ్రేకు తొక్కినా వెనక భాగం పైకి లేచి, బయటి చక్రం లోపలికి ముడుచుకుని, కారు గిర్రున తిరిగే ప్రమాదం ఉంది.

దీనికి సహజంగా తోచే మందు వెనక కట్టను గట్టిది చేయడం. ట్రయంఫ్ ఇంజినీర్లు ఆ దారి పట్టలేదు. 1970లో వచ్చిన స్పిట్‌ఫైర్ మార్క్ 4లో కట్టలోని ఎక్కువ ఆకులు ఇరుసు మీద తూగేలా వదిలేశారు. కారు నిటారుగా పైకీ కిందికీ కదిలినప్పుడు కట్ట మునుపటిలాగే మోస్తుంది. పక్కకు ఒరిగినప్పుడు మాత్రం వెనక భాగం మెత్తగా ఉంటుంది. ఆ ఒరుగుడును ఆపే పని ముందు ఎడమ, కుడి చక్రాలను కలిపే మందపాటి కడ్డీకి, అంటే యాంటీ రోల్ బార్‌కు అప్పగించారు. నాకు ఈ కథ చాలా ఇష్టం. మలుపులో ఒరగకుండా ఉండటానికి స్ప్రింగు ఒక్కటే మార్గం కాదని, యాంటీ రోల్ బార్ ఒకటుందని ఇంత స్పష్టంగా చెప్పే కారు ఇంకోటి లేదు. గుంతలో రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు ఆ బార్ అడ్డుపడదు. ఒక పక్క చక్రమే లేస్తే మాత్రం కాస్త అడ్డుపడుతుంది. కాబట్టి కంపెనీ ఇచ్చినదానికంటే ఒక సైజు మందంతో ఆగితే మంచిది.

హెరాల్డ్ సొంతదారులు ఒక్క విషయం గమనించాలి. దీని వెనక భాగం కొద్దిగా, రెండు సెంటీమీటర్ల మేర, దిగి ఉంటే నిజంగానే పట్టు పెరుగుతుంది. చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది కనుక. దించొద్దన్న సూత్రానికి నేను ఒప్పుకునే మినహాయింపు ఇదొక్కటే.

షాకుల మీద ఖర్చు పెట్టండి

స్ప్రింగు కంపెనీదే ఉంచి, మిగిలిన డబ్బు షాకబ్జర్ల మీద పెట్టమని నా సలహా. స్ప్రింగు గట్టిదైతే అన్ని గుంతలూ గట్టిగానే తగులుతాయి. మంచి షాకబ్జర్ మాత్రం మెల్లగా వచ్చే కదలికకు ఒకలా, హఠాత్తుగా వచ్చే దెబ్బకు ఇంకోలా స్పందిస్తుంది. మలుపులో ఒరగడం, బ్రేకు తొక్కితే ముక్కు దిగడం మెల్లని కదలికలు. అక్కడ గట్టిగా పట్టుకోవాలి. మ్యాన్‌హోల్ మూత అంచు హఠాత్తు దెబ్బ. అక్కడ కవాటం తెరుచుకుని నూనెను వదిలేయాలి. కోనీ కంపెనీ ఎఫ్ఎస్‌డీ రకం షాకులు ఈ తేడాను పసిగట్టేలా చేసినవే.

షాకు నొక్కుకునేటప్పటి బిగువు ఒకటి, సాగేటప్పటి బిగువు ఇంకోటి. రోడ్డు కార్లలో సాగేటప్పటిదే ఎక్కువ ఉంటుంది. దాన్ని మరీ బిగిస్తే వచ్చే జబ్బు మన రంబుల్ స్ట్రిప్పుల మీద బాగా తెలుస్తుంది. మొదటి గీతకు పైకి వెళ్లిన చక్రం కిందికి రాకముందే రెండో గీత వస్తుంది, తర్వాత మూడోది. అలా కారు మెట్టుమెట్టుగా కుంగి చివరికి స్టాపర్ మీద నడుస్తుంది. డ్రైవరేమో ‘స్ప్రింగు మెత్తగా ఉంది’ అనుకుని ఇంకా గట్టిది వేయిస్తాడు. మందు ఎక్కువై వచ్చిన రోగానికి ఇంకా మందు పోసినట్టవుతుంది.

జంట గొట్టాల షాకు, ఒంటి గొట్టం షాకు అని రెండు రకాలు. గాబ్రియెల్ ఇండియా 1961 నుంచి మన దేశంలో షాకులు చేస్తోంది. మన పాత కార్లలో మామూలుగా కనిపించేవి జంట గొట్టాలవే. తక్కువ వాయు పీడనం, మెత్తని తీరు, అందుబాటు ధర. ఒంటి గొట్టంలో అంతకు ఎన్నో రెట్లు పీడనంతో నైట్రోజన్ ఉంటుంది. ఎంత సేపు కుదిపినా నూనె నురగ కట్టదు, వేడి తొందరగా బయటికి పోతుంది. బిల్‌స్టైన్ 1957లోనే మెర్సిడెస్ కోసం వీటిని పెద్ద ఎత్తున చేసింది. కాకపోతే ఆ పీడనమే కారును కొన్ని మిల్లీమీటర్లు పైకి నెడుతుంది, చిన్నచిన్న గరుకులను సీటు దాకా చేరుస్తుంది. నెలలో ఎక్కువ రోజులు లక్డీకాపూల్, మాసబ్‌ట్యాంక్ మధ్యే తిరిగే కారుకు నేను జంట గొట్టాలవే ఎంచుకుంటాను. వారం వారం శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లకు ఒంటి గొట్టానివి తగినవి.

ఒక జాగ్రత్త. బిల్‌స్టైన్‌లోనే బీ6 కంపెనీ ఎత్తు స్ప్రింగులకు, బీ8 దించిన కార్లకు. బీ8 పొట్టిది. పెట్టె మీద ఆ అంకె చూడకుండా ‘బిల్‌స్టైన్ దొరికింది’ అని సంబరపడితే చక్రం కిందికి దిగే చోటు పోతుంది.

రబ్బరు, ఆ తర్వాతే ఉక్కు

ఇరవై ఏళ్ల కారులో నిజానికి ముందు చచ్చేది రబ్బరు. లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ మౌంటింగులు, లింక్ రాడ్లు ఎండి పగిలి ఉంటాయి. వాటి కటకటలకు షాకులను తిట్టుకుంటాం. రాణిగంజ్‌లో దుకాణాలు తిరిగి అన్ని బుష్‌లూ ఒకేసారి తెచ్చుకోండి. తయారైన ఏడాది చూడండి. పదేళ్లు అల్మరాలో పడున్న ‘కొత్త’ రబ్బరు కొత్తది కాదు. పాలీయురిథేన్ బుష్‌లు ఎక్కువకాలం మన్నుతాయి కానీ హాయి కోరుకునే కారుకు మామూలు రబ్బరే నయం.

టైరు కూడా రబ్బరే. 175/70 సైజు టైరు పక్క గోడ 122 మిల్లీమీటర్లు. 195/50 వేస్తే 97. ఖర్చులేని పాతిక మిల్లీమీటర్ల స్ప్రింగును అలాయ్ వీల్ అందం కోసం వదిలేసుకున్నట్టే.

బిగించే రోజు గ్యారేజీలోనే ఉండండి. కొత్త జంట గొట్టాల షాకును పెట్టెలోంచి తీసి నేరుగా బిగించకూడదు. నిటారుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి, సాగదీయాలి. అడ్డంగా పడుకోబెట్టి నిల్వచేసినప్పుడు చేరిన గాలి అప్పుడే పోతుంది. ఇక రెండోది, దాదాపు అందరూ మరిచేది: బుష్‌ల బోల్టులను కారు జాకీ మీద ఉండగా ఆఖరి బిగువు బిగించకూడదు. చక్రాలు వేలాడుతున్న స్థితిలో బిగిస్తే, కారు దిగగానే రబ్బరు మెలితిరిగిపోతుంది. ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి ఆరు నెలలకే చిరుగుతుంది. నాలుగు చక్రాలూ నేలకు ఆనాక, రెండుమూడుసార్లు కారును ముందుకూ వెనక్కూ కదిపి, అప్పుడు బిగించాలి. స్ప్రింగు కంప్రెసర్ లేకుండా తాళ్లతో స్ట్రట్ విప్పుతానంటే ఆ గ్యారేజీ నుంచి కారు తెచ్చేసుకోండి. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణాల మీదికి వస్తుంది.

స్ప్రింగులు, షాకులు ఎడమా కుడీ జతగానే మార్చాలి. తర్వాత కారు ఒక పక్కకు వాలి ఉంటే స్ప్రింగు కోసి సరిచేయడం కాదు, కింద ప్యాడ్ మార్చాలి. 1995 నుంచి పుణేలో తయారైన మెర్సిడెస్ డబ్ల్యూ124కు ముందు స్ప్రింగు ప్యాడ్లు 8, 13, 18, 23 మిల్లీమీటర్ల మందాల్లో ఇచ్చారు. ప్యాడ్ మీద బుడిపెలు లెక్కపెడితే ఏ మందమో తెలుస్తుంది. ఇదే ఆలోచనను ఏ కారుకైనా వాడుకోవచ్చు.

కాగితాల సంగతీ చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తయారీదారు ప్రమాణాలను మార్చొద్దంటున్నాయి. పాడైన భాగానికి అదే ప్రమాణంలో కొత్తది వేయడం మరమ్మతు. కారును మూడంగుళాలు దించడం అది కాదు. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021 నిబంధనలతో ‘వీఏ’ వింటేజ్ సిరీస్ వచ్చింది. దానికి కారు అసలు రూపంలో ఉండాలి కాబట్టి హెరాల్డ్ ఉన్నవాళ్లు అసలు స్ప్రింగులను, షాకులను పాత సామానుకు వేసేయకుండా నూనె రాసి దాచుకోవాలి.

అడ్జస్ట్ చేసుకునే షాకులైతే మొదట అతి మెత్తని స్థాయిలో పెట్టండి. పాత రకం కోనీలో షాకును ఊడదీసి పూర్తిగా నొక్కి తిప్పాలి కాబట్టి ఈ పని బిగించకముందే. అలైన్‌మెంట్ చేయించేటప్పుడు డ్రైవర్ సీట్లో మీరే కూర్చోండి. తర్వాత మూడు రోడ్ల మీద చూడండి. లక్డీకాపూల్ నుంచి నాంపల్లి దాకా ముప్ఫై వేగంలో స్టాపర్ తగలకూడదు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక్కో అతుకు దాటాక కారు ఒక్క ఊపులో సర్దుకోవాలి. రెండో ఊపు కనిపిస్తే పావు చుట్టు బిగించండి. చివరగా ఔటర్ రింగ్ రోడ్డు మీద లేన్ మారి చూడండి. అక్కడ వెనక భాగం ఆలస్యంగా అనుసరిస్తే వెనక షాకులకు ఇంకో పావు చుట్టు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక స్ప్రింగులు సర్దుకుని కొద్దిగా దిగుతాయి. అప్పుడు ఎత్తు మళ్లీ కొలిచి, బోల్టులు ఒకసారి చూసి, అలైన్‌మెంట్ ఇంకోసారి చేయించాలి.